కాలువ నీరు, పరదేశ ధనము, పౌరసమాజము

పౌరసమాజము, ప్రజాస్వామ్య పరిపాలన, విదేశీ సహాయము అను మూడు పదములు రాజనీతిశాస్త్ర పాఠ్యగ్రంథములలో తరచుగా కనబడుచుండును. వీటిని పరీక్షల కొరకు కంఠస్థము చేసిన విద్యార్థులు ఇవి న్యూయార్కు, జెనీవా నగరములలోని మహాసభలకు సంబంధించిన మాటలనియు, మన జీవితములతో వీటికి పొత్తు లేదనియు తలచుట సహజము. కాని నంద్యాల నుండి ఆళ్ళగడ్డ పోవు దారిలో ఇరుప్రక్కల పచ్చగా కనబడు వరిమళ్ళను చూచినప్పుడు, ఈ మూడు పదముల అర్థమును ఆ మళ్ళలోని నీరే బోధించునని మాకు తోచినది. కర్నూలు - కడప కాలువ, అనగా మనమందరము కె.సి. కెనాలు అని పిలుచుకొను కాలువ, దీనికి ప్రత్యక్ష నిదర్శనము. దాని చరిత్రను ఆధారము చేసికొని ఈ విషయమును వివరించుటకు ప్రయత్నింతుము.

పదముల అర్థము

మొదట పదముల అర్థమును నిర్ణయించుకొందము. ఒక వైపు కుటుంబము, మరొక వైపు ప్రభుత్వము ఉండగా, ఆ రెండింటి నడుమ ప్రజలు తమంతట తాము కూడి ఏర్పరచుకొను సంఘముల సముదాయమునకే పౌరసమాజమని పేరు. రైతు సంఘము, కార్మిక సంఘము, మహిళల పొదుపు సంఘము, పఠన మందిరము, పాఠశాలను నడుపు అంజుమన్ - ఇవన్నియు అందులోనివే. సంఘముగా ఏర్పడు హక్కును మన రాజ్యాంగము 19వ అధికరణము ప్రసాదించినది. అల్పసంఖ్యాక వర్గములు తమకు ఇష్టమైన విద్యాసంస్థలను స్థాపించుకొని నిర్వహించుకొను హక్కును 30వ అధికరణము ప్రసాదించినది. మన కళాశాల ఈ రెండవ హక్కు నీడలో నిలిచిన సంస్థ.

ప్రజాస్వామ్య పరిపాలన అనగా ఎన్నికలు జరుపుట మాత్రమే కాదు. నిర్ణయము ఎవరిని బాధించునో వారి మాటను ఆ నిర్ణయమునకు ముందుగా వినుట, ఖర్చు చేసిన ధనమునకు లెక్క చెప్పుట, తప్పు చేసిన వానిని పదవి నుండి తొలగించు మార్గముండుట - ఈ మూడును ఉన్నప్పుడే పరిపాలన ప్రజాస్వామికమగును.

ఇక విదేశీ సహాయము. రెండవ ప్రపంచ యుద్ధానంతరము, 1948లో, అమెరికా పశ్చిమ ఐరోపా పునర్నిర్మాణమునకు మార్షల్ ప్రణాళికను ప్రారంభించినది. మన దేశము ప్రపంచ బ్యాంకు నుండి తొలి ఋణమును 1949లో రైల్వేల కొరకు తీసికొన్నది. సంపన్న దేశములు తమ జాతీయాదాయములో 0.7 శాతమును అభివృద్ధి సహాయముగా ఇయ్యవలెనని 1970లో ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ తీర్మానించినది. ఆ లక్ష్యమును చేరిన దేశములను వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. సహాయమను పేరు విని దానినంతటిని దానమని భ్రమపడరాదు. అందులో కొంత ఉచిత విరాళము. మరికొంత తక్కువ వడ్డీకి దీర్ఘకాలమునకు ఇచ్చు అప్పు. అప్పు తీర్చువారు ఆ దేశపు పన్ను చెల్లింపుదారులు. నేడు పొలములో నాట్లు వేయుచున్న కూలియు, తాను కొను ఉప్పు మొదలు చెప్పుల వరకు ఏదో ఒక రూపమున ఆ భారమును మోయుచున్నాడు.

లండను నుండి వచ్చిన మొదటి ధనము

కె.సి. కాలువ ఆది నుండియు పరదేశ ధనముతో ముడిపడినదే. తుంగభద్ర నీటిని పెన్న వరకు, అక్కడి నుండి నెల్లూరు తీరము వరకు కొనిపోవలెనని సర్ ఆర్థర్ కాటన్ ఆలోచించెను. ఆ ఆలోచనపై లండనులో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఏర్పడినది. పది లక్షల పౌనుల మూలధనముపై నూటికి ఐదు చొప్పున లాభమునకు ప్రభుత్వము హామీ ఇచ్చినది. కర్నూలునకు ఎగువన సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి 1863లో పని మొదలిడిరి. పంటలకు నీరు, పడవలకు దారి - రెండు ప్రయోజనములను ఉద్దేశించి సుమారు 190 మైళ్ళ కాలువను త్రవ్వి, నంద్యాల మీదుగా కుందూ లోయ వెంట కడప వరకు కొనిపోయిరి.

కాలువ వచ్చినది. నీరు వచ్చినది. కాని రైతు రాలేదు. ఈ ప్రాంతపు నల్లరేగడి నేల తేమను చాలకాలము పట్టి ఉంచును. దానిలో జొన్న, ప్రత్తి వర్షముతోనే పండుచుండెను. తెలియని తడి సేద్యము చేసి, నీటి పన్ను కట్టి, నేలను చౌడు చేసికొనుటకు రైతు ఇష్టపడలేదు. కాలువ త్రవ్వుటకు ముందు అతనిని ఎవరును అడిగినవారు లేరు. లాభము రాకపోయినను లండనులోని వాటాదారులకు హామీ ప్రకారము వడ్డీ ముట్టుచునే ఉండెను. ఆ వడ్డీ ఈ దేశపు రాబడి నుండి చెల్లింపబడెను. తుదకు 1882లో ప్రభుత్వము ఆ కంపెనీ ఆస్తిని కొనివేసినది. పడవల రాకపోకలును తరువాతి కాలమున నిలిచిపోయినవి. రైతులు వరి సాగుకు అలవాటుపడిన కొలదియు కాలువ క్రమముగా పంటల కాలువగా స్థిరపడినది. బచావత్ ట్రిబ్యునలు 1973లో దీనికి 39.9 టి.ఎం.సి.ల నీటిని కేటాయించినది. అందులో 10 టి.ఎం.సి.లు తుంగభద్ర జలాశయము నుండి, మిగిలినది నదీ ప్రవాహము నుండి రావలెను. దీని ఆయకట్టు రెండు లక్షల అరువది ఐదు వేల ఎకరములకు పైబడినది.

ఈ తొలి ఘట్టము నుండి మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. ఇంజనీరు తెలివియు, పెట్టుబడిదారు ధనమును కలిసినను, అనుభవింపవలసిన ప్రజల సమ్మతి లేనిచో పథకము ఫలింపదు. నష్టము మాత్రము ప్రజల ఖాతాలోనే పడును.

జపాను నుండి వచ్చిన రెండవ ధనము

నూరేండ్లు దాటిన కాలువకు గట్లు కుంగినవి, పూడిక పేరుకొన్నది, తూములు శిథిలమైనవి. ఎగువ గ్రామములలో మళ్ళు పొంగిపొరలుచుండగా దిగువ గ్రామములు కాలువ వైపు కన్నులు కాయలు కాయునట్లు చూచుచుండెడివి. ఈ స్థితిలో కాలువ ఆధునికీకరణ కొరకు 1996 జనవరిలో జపాను ప్రభుత్వపు విదేశీ ఆర్థిక సహకార నిధి సుమారు 1,600 కోట్ల యెన్నుల ఋణమును అంగీకరించినది. ఆ సంస్థయే 1999లో జపాను అంతర్జాతీయ సహకార బ్యాంకుగా మారినది; 2008లో దాని ఋణ విభాగము జైకా సంస్థలో విలీనమైనది. అప్పు తీసికొన్నది భారత ప్రభుత్వము. పని చేయించినది రాష్ట్ర ప్రభుత్వము. గట్లకు లైనింగు, తూములకు మరమ్మతు జరిగినది మన పొలముల ప్రక్కన.

ఆ మరుసటి సంవత్సరమే మరొక ముఖ్యమైన మార్పు వచ్చినది. 1997లో రాష్ట్ర శాసనసభ సాగునీటి వ్యవస్థలను రైతులే నిర్వహించుకొనుటకు ఒక చట్టమును చేసినది. దాని ప్రకారము ఆ ఏట జూన్ నెలలో రాష్ట్రమంతటను 10,292 నీటి వినియోగదారుల సంఘములకు ఎన్నికలు జరిగినవి. వాటిపై డిస్ట్రిబ్యూటరీ కమిటీలు, ఆపైన ప్రాజెక్టు కమిటీలు ఉండవలెనని చట్టము ఆదేశించినది. అంతకు మునుపే నీటి తీరువాను పెంచిరి. మొదటి తరగతి కాలువల క్రింద తొలి పంట వరికి ఎకరమునకు 60 రూపాయలుండినది 200 రూపాయలైనది. 1998లో ప్రపంచ బ్యాంకు రాష్ట్రమునకు ఇచ్చిన ఆర్థిక పునర్వ్యవస్థీకరణ ఋణములో కొంత భాగము ఈ సంఘముల ద్వారా కాలువల మరమ్మతులకు ఉద్దేశింపబడినది.

ఇచ్చట ఒక సందేహము కలుగక మానదు. పౌరసమాజమనగా ప్రజలు తమంతట తాము కూడి ఏర్పరచుకొనునదని పైన చెప్పితిమి. ప్రభుత్వము ఒక చట్టము చేసి, ఒక నెలలో పదివేల సంఘములను పుట్టించినచో అది పౌరసమాజమగునా? దీనికి ఔననియు, కాదనియు రెండు సమాధానములును చెప్పవచ్చును.

చట్టము ఇచ్చినదేమి, ఇయ్యనిదేమి

చట్టములోని ఏర్పాట్లు మెచ్చదగినవి. సంఘ పరిధిని చిన్న చిన్న నియోజకవర్గములుగా విభజించిరి; కావున ఎగువ రైతులే అన్ని స్థానములను ఆక్రమించు వీలు తగ్గినది. నీటిని వంతుల ప్రకారము పంచు పట్టికను సంఘమే తయారుచేయవలెను. లెక్కలను సర్వసభ్య సమావేశము ముందుంచవలెను. సామాజిక తనిఖీ జరుపవలెను. విశ్వాసము కోల్పోయిన ప్రతినిధిని సభ్యులు వెనుకకు పిలిపించు హక్కు కూడ ఉండెను. తొలి సంవత్సరములలో ఏండ్ల తరబడి కదలని పూడిక అనేక కాలువలలో తొలగినది; మునుపు కార్యాలయములో మాత్రమే ఉండెడి అంచనా కాగితమును రైతు తన చేతితో పట్టుకొని చూచినాడు. ఇది స్వల్పమైన విషయము కాదు.

అయినను లోపములు కలవు. మొదటిది, ఓటు భూమి పట్టాతో ముడిపడినది. పొలములో నాటు వేయునది, కలుపు తీయునది స్త్రీ. పట్టా మాత్రము భర్త పేరనో, మామ పేరనో ఉండును. కావున ఆమెకు ఓటు లేదు. కౌలుదారును చట్టము గుర్తించినను, కౌలు మాట నోటితోనే ముగియునే గాని కాగితముపైకి రాదు. కావున అతడును జాబితాలో చేరడు. రెండవది, సంఘము చేతికి వచ్చిన మరమ్మతుల నిధి కొన్నిచోట్ల అధ్యక్ష పదవిని గుత్త పనిగా మార్చినది. మూడవది, వసూలు చేసిన నీటి తీరువా ఖజానాకు పోయి, అక్కడి నుండి సంఘమునకు తిరిగి రావలెను. తన ఇంటి ధనమును పొరుగింటి వాని దయపై పొందుట వంటిది ఇది. నాల్గవది, 2003లో చట్టమును సవరించి విడతల వారీగా ఎన్నికలు జరుపు పద్ధతిని తెచ్చిరి గాని, తరువాతి కాలమున ఎన్నికలు వాయిదాలపై వాయిదాలు పడినవి. చాలకాలము తరువాత మన రాష్ట్రములో 2024 డిసెంబరులో ఈ సంఘములకు మరల ఎన్నికలు జరిగినవి. పై నుండి పుట్టినది పై నుండియే నిద్రపుచ్చబడునని దీనివలన తెలియుచున్నది.

మేము కొందరు విద్యార్థులతో కూడి ఆళ్ళగడ్డ వైపు ఒక పిల్లకాలువ చివరి వరకు నడచితిమి. ఎగువన తూము వద్ద నీరు నిండుగా పారుచుండెను. రెండు మైళ్ళు నడచుసరికి కాలువ అడుగున పగుళ్ళు కనబడినవి. అక్కడి వృద్ధ రైతు ఒకరిని మీ సంఘ అధ్యక్షులెవరని అడిగితిమి. ఆయనకు తెలియదు. ఎవరి మడికి ఎన్ని గంటలు నీరు రావలెనో వ్రాసిన పట్టిక ఎన్నడైన చూచితిరా అని అడిగితిమి. అట్టిదొకటి ఉండునని ఆయన వినలేదు. లస్కరు వచ్చినప్పుడు నీరు వచ్చును, రానప్పుడు లేదు అని మాత్రము ఆయన భావము. మా వెంట వచ్చిన విద్యార్థులలో ఒకడు ఆ గ్రామమువాడే. రాజనీతిశాస్త్రములో మంచి మార్కులు పొందినవాడు. తన తండ్రి ఆ సంఘములో ఓటరని అతనికి ఆనాడే తెలిసినది. అతని ముఖములోని సిగ్గును చూచి మేమును సిగ్గుపడితిమి. పాఠము చెప్పినవారము మేమే కదా.

నేపాలు నేర్పిన పాఠము

ఈ సమస్య మనకు మాత్రమే పరిమితము కాదు. 2009లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమతి పొందిన అమెరికన్ విదుషీమణి ఎలినార్ ఆస్ట్రమ్, ఆమె సహచరులు, నేపాలులోని కాలువలను చిరకాలము పరిశీలించిరి. అక్కడ రాళ్ళు, కొమ్మలు, మట్టితో రైతులే కట్టుకొన్న పాత కాలువలు కలవు. విదేశీ ధనముతో సిమెంటు కాంక్రీటుతో కట్టిన క్రొత్త కాలువలును కలవు. చివరి పొలములకు నీరు చేరుటలో పెక్కుచోట్ల పాత కాలువలే మేలుగా ఉండుట చూచి లోకము ఆశ్చర్యపడినది.

కారణము సులభముగా గ్రహింపవచ్చును. మట్టి కట్ట ఏటేట వానకు తెగును. దానిని తిరిగి కట్టుటకు ఎగువ రైతుకు దిగువ రైతు చేతి సాయము కావలెను. సాయము కావలెననిన నీరు విడువక తప్పదు. కాంక్రీటు ఆనకట్ట వచ్చిన తరువాత ఆ అవసరము తీరిపోయినది. అవసరముతోపాటు మర్యాదయు పోయినది. మన వైపు పూర్వము చెరువుల క్రింద ఉండిన కుడిమరామత్తు ఆచారములోని బలమును ఇదియే. అందరును పలుగు పార పట్టుట వలన అందరికిని మాట ఉండెడిది. దీనిని బట్టి కాంక్రీటు చెడ్డదని భావింపరాదు. ధనము వచ్చినప్పుడు అది ప్రజల పరస్పర బంధమును తెంపుచున్నదా, బలపరచుచున్నదా అని విచారింపవలెనని మాత్రమే మా మనవి.

ఓర్వకల్లు మార్గము

బంధమును బలపరచిన నిదర్శనము మనకు దూరమున లేదు. నంద్యాల నుండి కర్నూలునకు పోవు దారిలో ఓర్వకల్లు కలదు. 1990 దశకము నడుమ ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమము దక్షిణ ఆసియాలో పేదరిక నిర్మూలనకై చేపట్టిన పథకము కర్నూలు జిల్లాలోను అమలు జరిగినది. ఓర్వకల్లు మండలపు మహిళా సంఘములు అందులో ఎదిగి పేరు గాంచినవి. వారు మొదట చేసినది తమ కూలి నుండి చిల్లర డబ్బులు కూడబెట్టుట. తరువాత ఆ సొమ్మును తమలో తాము అప్పుగా ఇచ్చుకొనుట. ఆపైననే బ్యాంకు ధనము వచ్చినది. 2000 సంవత్సరములో ప్రపంచ బ్యాంకు సహాయముతో ప్రారంభమైన వెలుగు పథకమునకు ఇట్టి అనుభవములే బాట వేసినవి.

అక్కడ సొంత రూపాయి ముందు నడచినది. పరదేశ రూపాయి వెనుక నడచినది. తన కష్టార్జితము పెట్టెలో ఉన్నప్పుడు చదువురాని స్త్రీ కూడ లెక్క అడుగును. ప్రతి సమావేశమున పుస్తకము తెరచి చదువవలసిన అవసరము ఏర్పడును. నీటి సంఘములకును, పొదుపు సంఘములకును గల భేదము ముఖ్యముగా ఇదియేనని మా అభిప్రాయము.

సహాయము నిలిచిన నాడు

విదేశీ సహాయము శాశ్వతము కాదు. ప్రపంచమునందు అతిపెద్ద దాతృ సంస్థలలో ఒకటిగా 1961 నుండి పనిచేసిన అమెరికా వారి యు.ఎస్. ఎయిడ్ 2025లో మూతపడినది. ఆ ధనముపైననే ఆధారపడిన అనేక దేశముల వైద్యశాలలు, స్వచ్ఛంద సంస్థలు కొద్ది వారములలో అయోమయములో పడినవి. దాత దేశములోని ఎన్నికల ఫలితము గ్రహీత దేశములోని రోగి మందును నిర్ణయించుట ఎంత దుర్బలమైన స్థితియో చూడుడు.

మన దేశము కూడ పరదేశ విరాళముల విషయమున జాగ్రత్త వహించి 1976లో ఒక నియంత్రణ చట్టమును చేసినది. దాని స్థానమున 2010లో క్రొత్త చట్టము వచ్చినది. 2020లో అది మరింత కఠినమైనది. పరదేశ ధనము దేశ రాజకీయములను శాసింపరాదనుట న్యాయమే. అయితే నిబంధనలు బిగించు కొలది చిన్న సంస్థలకు ఊపిరాడదనుటయు నిజమే. ఈ రెండింటి నడుమ సమతూకము నిలుపుట ప్రజాస్వామ్యమునకు ఒక పరీక్ష.

మరొక విశేషము. ఒకనాడు అమెరికా గోధుమల కొరకు ఎదురుచూచిన మన దేశమే నేడు ఇతరులకు సహాయము చేయుచున్నది. ఆఫ్ఘనిస్తానులోని హెరాత్ రాష్ట్రమున మన దేశము నిర్మించి ఇచ్చిన సల్మా ఆనకట్ట 2016లో ప్రారంభమైనది. అక్కడి కడపటి పొలము రైతు కూడ మన ఆళ్ళగడ్డ వృద్ధుని వలెనే కాలువ వైపు చూచుచుండును. అతనికి మాట ఉన్నదా అను ప్రశ్న ఇప్పుడు దాతలమైన మనకును వర్తించును.

మన కర్తవ్యము

ఇంతవరకు చెప్పిన దానిని బట్టి మూడు విషయములు తేలుచున్నవి. బయటి ధనము గట్టును కట్టగలదు గాని గట్టుపై కాపలా ఉండలేదు. చట్టము సంఘమునకు పేరు పెట్టగలదు గాని ప్రాణము పోయలేదు. లెక్క అడుగువాడు ఉన్నచోటనే ధనమును, చట్టమును ప్రయోజనపడును.

ఈ మాట రైతులకు చెప్పి ఊరకుండుట మాకు న్యాయముగా తోచదు. మన కళాశాల కూడ ఒక సంఘము చేత నడుపబడు సంస్థ. ఇట్టి సంస్థలు ఎందరో వర్తకులు, ఉద్యోగులు, బండి తోలువారు ఇచ్చిన చందాల వలన నిలిచినవి. మన పెద్దలు అట్టి సొమ్మును అమానత్ అనిరి. అనగా ఒకరి సొత్తును మరొకరు నమ్మకముగా దాచియుంచుట. అమానత్‌కు హిసాబు ఉండి తీరవలెను. కావున వార్షిక లెక్కలను సభలో చదివి వినిపించుటయు, విద్యార్థుల ప్రతినిధులను ఆ సభకు పిలుచుటయు మంచి సంప్రదాయమగునని కమిటీ పెద్దలకు సవినయముగా విన్నవించుకొనుచున్నాము. లెక్కలు అడుగుట అవిశ్వాసమునకు గుర్తు కాదు; నమ్మకమును నిలుపుకొను ఉపాయము.

విద్యార్థి మిత్రులారా! రాబోవు సెలవులలో మీరు మీ గ్రామములకు పోవుదురు. మీ ఇంటి పొలము ఏ తూము క్రిందిదో, ఆ తూము ఏ సంఘములోనిదో తెలిసికొనుడు. ఓటరు జాబితాలో మీ తండ్రి పేరు ఉన్నదా, పట్టాలో మీ తల్లి పేరు చేర్చు వీలున్నదా విచారింపుడు. నీటి వంతుల పట్టికను ఒక మంచి దస్తూరీతో తెలుగులో వ్రాసి, అవసరమైనచోట ఉర్దూలోను వ్రాసి, అందరికిని కనబడునట్లు అతికింపుడు. దీనికి జపాను యెన్నులు అక్కరలేదు. నాలుగు కాగితములు, కొంచెము జిగురు చాలును.

ఆ పిల్లకాలువ చివర మేము చూచిన పగుళ్ళు నీటి కొరత వలన మాత్రమే ఏర్పడినవి కావు. ఎగువన పారుచున్న నీటిలో తనకు వంతు కలదని చెప్పు కాగితము దిగువనున్న వానికి అందకపోవుట వలనను ఏర్పడినవి. ఆ కాగితమును అతని చేతికి అందించు పని చదువుకొన్న మీది.